మాలకొండయ్య నాలుగు రిపోర్టులు

ల్యాబు పనిలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. ఆత్మకూరులో ఎవరిని అడిగినా మా ఇల్లు చూపిస్తారు. వాళ్లు అడిగేవి ఎప్పుడూ అవే ప్రశ్నలు. ఏ మిషన్ మంచిది, ఎక్కడ జీతం బాగుంటుంది, నెల్లూరు పోవాలా ఇక్కడే ఉండాలా. వాటికి నా దగ్గర జవాబుల్లేవు. నేను చెప్పగలిగింది భయం గురించి మాత్రమే.

ముప్పై మూడేళ్లు మనుషుల నెత్తురు తీసి, పరీక్ష చేసి, కాగితం మీద రాసి ఇచ్చాను. చేరిన రోజు సూది పట్టుకుంటే చెయ్యి వణికింది. మానేసిన రోజు కూడా వణికింది. మధ్యలో కొన్నేళ్లు వణకలేదు. ఆ కొన్నేళ్లలో నేను చేసిన పని గురించే ఇది రాస్తున్నాను. చదివి మీరు నన్ను తిట్టుకున్నా ఫర్వాలేదు, జాగ్రత్తపడితే చాలు.

ఉదయగిరి, పాత పేజీ

పని నేర్చుకున్నది ఉదయగిరిలో. దుర్గం కొండ కనిపించే వీధిలో రెండు గదుల ల్యాబు. నాకు పని నేర్పింది ఖాదర్ గారు. అప్పటికే ఆయనకు అరవై దాటాయి, కళ్లద్దాలు దారంతో కట్టుకునేవాడు. ఆయన దగ్గర రక్తం గొట్టం తెరవాలంటే ముందు గోళ్ల పక్కన గాట్లేమైనా ఉన్నాయేమో రెండు చేతులూ చూపించాలి. చిన్న గీత ఉన్నా ఆ పూట పని లేదు, పోయి రిజిస్టరు రాసుకోమనేవాడు. ఇంత పిరికివాడేంటి అని లోపల నవ్వుకునేదాన్ని.

ఆయన భయమంతా లివరుకు పట్టే హెపటైటిస్ బి వైరస్ గురించి. మా వైపు జనానికి ఆ పేరు తెలియదు. వాళ్లకు తెలిసింది కామెర్లు. కామెర్లంటే పసరు తాగడం, చేతి మీద వాత పెట్టించుకోవడం. మణికట్టు మీద గుండ్రటి మచ్చతో వచ్చి, 'తగ్గిపోయిందమ్మా, కన్ను తెల్లబడింది' అని చెప్పేవాళ్లు. కన్ను తెల్లబడితే ఒంట్లోంచి వైరస్ పోయినట్టు కాదు. అసలు ఈ వైరస్ మోస్తున్న వాళ్లలో చాలామందికి జీవితంలో ఒక్కసారి కూడా కన్ను పచ్చబడదు. ఏ ఆపరేషన్‌కో, కువైట్ పోయేముందు చేసే మెడికల్ పరీక్షకో నెత్తురు ఇచ్చినప్పుడు బయటపడుతుంది. తిని తిరుగుతూ గడ్డపార పట్టి పనిచేసే మనిషికి నీ ఒంట్లో జబ్బుందని చెప్పాలి. వాళ్లు మన ముఖం వంక ఎలా చూస్తారో మీరూ చూస్తారు.

ఖాదర్ గారి దగ్గర ఒక పద్ధతి ఉండేది. ఎవరు వచ్చినా ముందు పాత రిజిస్టరు తీసి, ఆ మనిషి పేజీ వెతికించేవాడు. అరగంట పట్టినా వెతకాల్సిందే.

"ఒక్క నంబరు చూస్తే ఏం తెలుస్తాదమ్మాయ్? పోయినేడు ఎంతుండాది, ఈ ఏడు ఎంతుండాది, రెండూ పక్కపక్కన పెట్టు. మనిషి యాటికి పోతుండాడో అప్పుడు తెలుస్తాది" అనేవాడు.

నాకు విసుగు పుట్టేది. బయట జనం నిలబడి ఉంటే ఈయనేమో దుమ్ము దులుపుతూ కూర్చుంటాడేంటా అనుకునేదాన్ని.

రవణమ్మ టీ గ్లాసులు

అక్కడ ఉండగానే మొదటి తప్పు చేశాను. కొండాపురం వైపు ఒక పల్లెలో రవణమ్మ అనే ఆమె టీకొట్టు నడిపేది. గర్భసంచి ఆపరేషన్‌కు ముందు పరీక్షలకు వచ్చింది. హెపటైటిస్ బి ఉందని తేలింది. రిపోర్టు సాయంత్రానికి గానీ కాదంటే, ఇంటికి పోతూ, మరునాడు తమ ఊరి ఆటో అతనికి ఇచ్చి పంపమంది. మా దగ్గర అది మామూలే. రిపోర్టులు పాల క్యాన్లతో పాటు ఆటోల్లోనే పోయేవి. నేను ఎర్ర సిరాతో పాజిటివ్ అని రాసి, కింద రెండు గీతలు కొట్టి, కాగితం మడిచి ఆటో అతని చేతిలో పెట్టాను. కవరు లేదు, పిన్ను లేదు.

పది రోజుల తర్వాత రవణమ్మ వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"నా గ్లాసులు ముట్టుకోవడంల్యా ఎవురూ. మా తోడికోడలు బిడ్డల్ని మా ఇంటికి రానీటంల్యా. ఏం రాసినావు తల్లీ నువ్వు ఆ కాయితంలో?"

టీ గ్లాసుతో, పక్కన కూర్చుంటే, కలిసి తింటే అంటుకోదని, నెత్తురుతోనూ సంసారంతోనూ కాన్పులోనూ అంటుకుంటుందని చెప్పాను. ఆమె అంతా విని, "నాకు చెప్పి ఏం లాభం? మా ఊరికొచ్చి చెప్పు" అంది.

నేను పోలేదు. పోతే తిడతారేమో, కొడతారేమో అని భయం. రవణమ్మ కొట్టు మూసేసింది. ఖాదర్ గారు ఆ వారమంతా నాతో మాట్లాడలేదు.

అప్పటి నుంచి రిపోర్టులు కవర్లో పెట్టి, పిన్ను కొట్టి, మనిషి చేతికే ఇవ్వడం మొదలుపెట్టాను. అది మంచి మార్పే. దాంతో పాటు ఇంకో అలవాటు కూడా వచ్చింది, అది మంచిది కాదు. ఎవరినీ భయపెట్టకూడదని నిర్ణయించుకున్నాను. నోటి వెంట ముందు 'ఏం భయంలేదు' అనే మాట వచ్చేది, తర్వాతే నంబర్లు చూసేదాన్ని.

ఆత్మకూరు, మిషన్ వచ్చాక

ఆత్మకూరులో ఒక ప్రైవేటు ల్యాబులో చేరాను. యజమాని చెడ్డవాడు కాదు. జీతం ఒకటో తేదీనే ఇచ్చేవాడు, మా పిల్లల పెళ్లిళ్లకు వచ్చి పెద్దరికం చేశాడు. కొత్త మిషన్లు తెప్పించాడు, కంప్యూటర్ పెట్టించాడు. గొట్టం పెడితే రెండు నిమిషాల్లో కాగితం బయటికి వస్తుంది. ఆ కాగితంలో ఆ రోజు నంబర్లు తప్ప ఇంకేమీ ఉండవు. పాత పేజీ వెతికే పని తప్పిందని అందరికంటే ఎక్కువ సంతోషించింది నేనే.

ఒక ఏడు డెంగీ జ్వరాలు బాగా వచ్చాయి. జ్వరం లేకుండా వేరే పరీక్షకు వచ్చిన ఒకాయనకు కూడా మా మిషన్‌లో ప్లేట్‌లెట్లు బాగా తక్కువ వచ్చాయి. ఇంటివాళ్లు డెంగీ అనుకుని కారు మాట్లాడుకుని నెల్లూరు పరిగెత్తారు. అక్కడ చూస్తే మామూలుగానే ఉన్నాయి. గొట్టంలో ప్లేట్‌లెట్లు ఒక్కోసారి గుంపుగా అతుక్కుపోతాయి, అప్పుడు మిషన్ తక్కువగా లెక్కపెడుతుంది. వాళ్లు తిరిగొచ్చి మా కౌంటర్ మీద చేత్తో గుద్ది, నోటికొచ్చినట్టు తిట్టారు. ఆ రోజు యజమాని నన్ను లోపలికి పిలిచాడు.

"జొరం లేని మనిషికి ప్లేట్‌లెట్లు తక్కువొస్తే మిషన్ తప్పనుకో. స్లయిడు చూసి సరిపడా ఉండాయని రాసెయ్. ఊరికే జనాన్ని భయపెట్టబాకు" అన్నాడు.

స్లయిడు, అంటే గాజుపలక మీద నెత్తురు చుక్క పరిచి మైక్రోస్కోపులో చూడటం, సరైన పద్ధతే. అయితే స్లయిడు మీద కూడా లెక్కపెట్టాలి. నేను మొదట్లో లెక్కపెట్టాను. తర్వాత తర్వాత అద్దంలో కన్ను పెట్టి, అక్కడక్కడా నాలుగు కనిపిస్తే, సరిపడా ఉన్నాయని రాసేసి పక్కన పెట్టేదాన్ని.

మాలకొండయ్య

అనంతసాగరం మండలంలో చెరువు పక్కన ఒక చిన్న పల్లె మాలకొండయ్యది. సోమశిల నీళ్లలో చేపలు పట్టేవాడు, చేపలు లేని రోజుల్లో కూలికి పోయేవాడు. యాభైకి కాస్త ముందు మా దగ్గరికి వచ్చాడు. ఎవరికో నెత్తురు ఇవ్వబోతే హెపటైటిస్ బి ఉందని వెనక్కి పంపారట. నెల్లూరులో ఒక లివరు డాక్టరుకు చూపించుకున్నాడు. ఆరు నెలలు దాటినా వైరస్ పోలేదు కాబట్టి ఇది దీర్ఘకాలం ఉండే రకమని, ప్రస్తుతానికి మందు అవసరం లేదని, ఆరు నెలలకోసారి పరీక్షలు చేయించుకుని రిపోర్టుతో తన దగ్గరికి రమ్మని ఆ డాక్టరు చెప్పాడు.

మాలకొండయ్య మాత్రం ఏడాదికి ఒకసారే వచ్చేవాడు. నెత్తురు ఇచ్చి, బయట అరుగు మీద కూర్చుని, రిపోర్టు రాగానే కౌంటర్ దగ్గరికి వచ్చి అందరూ అడిగినట్టే అడిగేవాడు.

"ఎట్టుండాదమ్మా? నెల్లూరు పోవాల్నా?"

మా ఊళ్లలో డాక్టరు కంటే ముందు ల్యాబువాళ్లనే అడుగుతారు. నెల్లూరు పోతే ఒక రోజు వేట పోతుంది, పైగా బస్సు చార్జీలు, డాక్టరు ఫీజు. మన నోటి మాట ఊరికే వస్తుంది. నేను ఎస్‌జీపీటీ చూసేదాన్ని. అది ఎప్పుడూ ముప్పై చిల్లర, నార్మల్.

"బాగుండాది మాలకొండయ్యా. ఏం భయంల్యా" అనేదాన్ని.

అతను రెండు చేతులూ ఎత్తి దండం పెట్టి వెళ్లిపోయేవాడు. నెల్లూరు పోయేవాడు కాదు.

ఇక్కడ కొంచెం ఆగి వినండి. ఎస్‌జీపీటీ అనేది లివరులో కణాలు చితికినప్పుడు నెత్తురులోకి వచ్చే పదార్థం. ఎక్కువ వస్తే అక్కడ గొడవ జరుగుతోందని అర్థం. తక్కువ ఉంటే గొడవ లేదని అర్థం కాదు. లోపల లోపలే మచ్చలు కట్టి లివరు గట్టిపడిపోయాక కూడా అది నార్మల్‌గానే ఉండవచ్చు. గట్టిపడిన లివరులోంచి నెత్తురు సాఫీగా పోలేక వెనక్కి తన్నుతుంది, ప్లీహం ఉబ్బుతుంది, నెత్తురు కారకుండా ఆపే ప్లేట్‌లెట్లు అందులో చిక్కుకుపోతాయి. అందుకే నెత్తురులో ఏటా తగ్గుతూ వస్తాయి. ఎస్‌జీఓటీ అనే అలాంటిదే ఇంకో పదార్థం మెల్లగా ఎస్‌జీపీటీని దాటుతుంది. వయసు, ఈ రెండు నంబర్లు, ప్లేట్‌లెట్లు, నాలుగూ కలిపి వేసే చిన్న లెక్క ఒకటుంది, ఫోన్‌లో కూడా చేయవచ్చు. లివరు గట్టిపడిందేమోనన్న అనుమానాన్ని స్కానింగ్ కంటే ముందే పుట్టిస్తుంది. ఆ లెక్క నాకు తెలుసు. ఒక ట్రైనింగులో నేర్చుకుని, నోటు పుస్తకంలో రాసుకుని, ఆ పుస్తకం బీరువాలో పెట్టాను.

నాలుగోసారి వచ్చినప్పుడు మాలకొండయ్య చిక్కిపోయి ఉన్నాడు. సూది తీసి దూది అదిమి పట్టుకోమన్నాను. ఐదు నిమిషాలైనా నెత్తురు ఆగలేదు. దూది మార్చాను.

"చిగుళ్లలో గూడా వస్తుండాదమ్మా పొద్దున పూట. వేపపుల్ల గెట్టిగా నమిలినానేమో అనుకున్నా" అన్నాడు నవ్వుతూ.

అతణ్ణి అరుగు మీద కూర్చోమని చెప్పి లోపలికి పోయి తలుపు వేసుకున్నాను. కంప్యూటర్‌లో అతని పేరు కొట్టి పాత రిపోర్టులు ఒక్కొక్కటీ తెరిచాను. ఇన్నేళ్లలో అదే మొదటిసారి. మొదటి ఏడు ప్లేట్‌లెట్లు లక్షా తొంభై వేలు. రెండో ఏడు లక్షా నలభై ఆరు వేలు. మూడో ఏడు నంబరు లేదు. ఆ చోట నా రాత ఉంది: స్లయిడులో సరిపడా ఉన్నాయి. మిషన్‌లో వెనక్కి పోయి చూస్తే ఆ రోజు అది లెక్కపెట్టింది లక్షా పద్దెనిమిది వేలు. ఇప్పుడు నా ముందున్న గొట్టం తొంభై రెండు వేలు.

స్లయిడు వేసి, ఈసారి ఒక్కొక్కటీ లెక్కపెట్టాను. గుంపులు లేవు. మిషన్ చెప్పింది నిజమే. ఎస్‌జీఓటీ అరవై దాటింది. నాలుగు నంబర్ల లెక్క వేశాను. నేర్చుకున్న హద్దు కంటే చాలా పైకి వచ్చింది. నమ్మబుద్ధి కాక మూడుసార్లు వేశాను.

ఆ గదిలో నేను ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. చెబితే ఉద్యోగం పోతుంది. వాళ్ల పల్లె మనుషులు వచ్చి కౌంటర్ పగలగొట్టినా ఆశ్చర్యం లేదు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఈ రోజు నంబరు సరిగ్గా రాసి ఇచ్చి, నెల్లూరు పొమ్మంటే సరిపోతుంది కదా అనిపించింది. బయటికి వచ్చి యజమానికి చెబితే ఆయనా అదే మాట అన్నాడు.

"కొత్తది కరెక్టుగా ఇయ్యి, సాలు. పాతవి ఎవురడిగినారు?"

మాలకొండయ్యకు కొత్త రిపోర్టు ఇచ్చి రేపే నెల్లూరు పోవాలని చెప్పాను. "చూద్దాంలేమ్మా, ఈ వారం నీళ్లు బాగుండాయి" అని వెళ్లిపోయాడు. ఇన్నేళ్లు బాగుందని చెప్పిన నా నోటితో ఇప్పుడు పొమ్మంటే అతను ఎందుకు పోతాడు?

నెల్లూరు బస్సు

మరునాడు సెలవు పెట్టి, నాలుగు రిపోర్టులు ఒకే కాగితం మీద వరసగా రాసుకుని, షేర్ ఆటోలో అనంతసాగరం పోయాను. అక్కడి నుంచి పల్లెకు నడిచాను. దారంతా రవణమ్మ గుర్తొచ్చింది. మాలకొండయ్య ఇంటి ముందు వల బాగు చేసుకుంటున్నాడు. అతని భార్య పెంచలమ్మ నన్ను చూడగానే చేతిలో చేట కింద పెట్టేసింది. ల్యాబు మనిషి ఇంటికి వచ్చిందంటే ఏదో ఉందని ఆమెకు అర్థమైపోయింది. ఏమీ అడగకుండా చీర మార్చుకుని వచ్చింది.

ఆమె లేవదీస్తే అతనూ వల పక్కన పెట్టాడు, ముగ్గురం సంగం మీదుగా నెల్లూరు పోయే బస్సు ఎక్కాం. డాక్టరు నా కాగితం చూసి, చేత్తో పొట్ట నొక్కి చూసి, వెంటనే స్కానింగ్‌కు రాశాడు. ఇంకో నెత్తురు పరీక్ష కూడా రాశాడు, లివరులో గడ్డ ఉందేమో సూచించేది. స్కానింగ్ గది బయట బెంచీ మీద ముగ్గురం కూర్చున్నాం.

"నువ్వెందుకమ్మా పని మానుకోని మాతో వచ్చినావు?" అని మాలకొండయ్య అడిగాడు.

చెప్పాను. స్లయిడు సరిగ్గా చూడలేదని, ఏడాది కిందటే నెల్లూరు పంపాల్సిన వాణ్ణి బాగున్నావని ఇంటికి పంపానని చెప్పాను.

అతనికి కోపం వస్తుందని ఎదురుచూశాను. వస్తే బాగుండేది.

"నాకు ఈ జబ్బంటే శానా భయమమ్మా. నీ దెగ్గిరికొచ్చి పోయిన రోజు మాత్రం బాగా నిద్ర పట్టేది" అన్నాడు.

పెంచలమ్మ నా వంక చూడలేదు. లోపల నుంచి పేరు పిలిస్తే అతన్ని చెయ్యి పట్టి తీసుకుపోయింది.

లివరు గట్టిపడింది. గడ్డ కూడా ఉంది. ఒకటి రెండేళ్ల ముందు వచ్చి ఉంటే రోజుకొక మాత్రతో వైరస్‌ను అణిచిపెట్టేవాళ్లమని, గడ్డ రాకుండా పోయేదేమోనని డాక్టరు నన్ను పక్కకు పిలిచి అన్నాడు. ఇంట్లో అందరికీ పరీక్ష చేయించమని కూడా చెప్పాడు. మాలకొండయ్య పద్నాలుగు నెలలు బతికాడు. ఆ పద్నాలుగు నెలల్లో ప్రతిసారీ నెత్తురు నేనే తీశాను. ప్రతిసారీ నాలుగు, ఐదు, ఆరు రిపోర్టులు పక్కపక్కన పెట్టుకుని చూశాను. నంబర్లు దిగిపోతుంటే చూస్తూ కూర్చోవడం తప్ప చేయగలిగింది లేదు.

ఇంట్లోవాళ్ల పరీక్ష మాత్రం జరగలేదు. కూతురు సుజాతను సంగం దగ్గర ఇచ్చారు, అత్తగారింట్లో తెలిస్తే ఏమవుతుందోనని పెంచలమ్మ వాయిదా వేసింది. నేను గట్టిగా అడగలేకపోయాను. ఏ మొహం పెట్టుకుని అడగను?

సుజాత

నేను పని మానేయడానికి మూడు నెలల ముందు, మాలకొండయ్య పెద్దకర్మ అయిన రెండో వారంలో, పెంచలమ్మ కౌంటర్ దగ్గరికి వచ్చింది. వెనకాల సుజాత. ఐదో నెల కడుపు.

నేను గొడవకే వచ్చిందనుకుని లేచి నిలబడ్డాను.

"దీనికి నెత్తురు తీసి చూడు" అంది పెంచలమ్మ.

"వేరే ల్యాబులో చూపించుకుంటే బాగుంటాదేమో పెంచలమ్మా. నా చేత్తో ఎందుకు?"

"ఇంగెవురి కాడికీ పొయ్యేది ల్యా. ఆయన పొయ్యేదాంక అందురూ మాకు మంచి మాటలే చెప్పినారు. తప్పు చేసినానని మొకాన చెప్పింది నువ్వొక్కదానివే. నువ్వే చూడు."

సూది పట్టుకుంటే చెయ్యి వణికింది. సుజాత అది చూసింది. దాచుకోలేదు నేను. నరం దొరికే దాకా రెండు నిమిషాలు ఆగాను. పరీక్ష కిట్టు మీద చుక్కలు వేసి, గడియారం పెట్టుకుని కూర్చున్నాను. ఒక గీత వస్తే వైరస్ లేదు, రెండు గీతలు వస్తే ఉంది. మొదటి గీత వెంటనే వచ్చింది. రెండో గీత రాకూడదని నాకు తెలిసిన దేవుళ్లందరికీ మొక్కుకున్నాను. ఆరో నిమిషంలో అది లేత గులాబీ రంగులో మొదలై, పదో నిమిషానికి ముదిరింది. ఇంకో కిట్టు తీసి మళ్లీ చేశాను. అదే వచ్చింది.

బయటికి వచ్చి సుజాత పక్కన బెంచీ మీద కూర్చున్నాను. 'ఏం భయంల్యా' అనే పాత మాట నాలుక చివర సిద్ధంగా ఉంది. పళ్లు బిగించి దాన్ని మింగేశాను.

"ఉండాదమ్మా. మీ నాయనకున్నదే నీకూ ఉండాది. లివరు ఎట్టుండాదో ఇంగా చూడాల. దీనికి మందుండాది, కడుపులో బిడ్డకు రాకుండా కూడా చూసుకోవచ్చు. ఇప్పుడే డాక్టరు చేతిలో పడాల. కాన్పు అయినాక చూద్దామంటే కుదరదు. పుట్టిన రోజే బిడ్డకు సూదులు పడాల. నాకు భయంగా ఉండాది, నువ్వూ భయపడాల. భయపడితేనే ఆర్నెల్లకోసారి నెల్లూరు పోతావు."

సుజాత ఏడ్చింది. మొగుడికి ఎలా చెప్పాలని అడిగింది. అతనికి కూడా పరీక్ష చేయాలని, అతనికి లేకపోతే రాకుండా సూదులు వేయించాలని, కావాలంటే నేనే వచ్చి చెబుతానని అన్నాను. ఈసారి పోతానని నాకు తెలుసు.

పెంచలమ్మ కూతురి ముఖం తన కొంగుతో గట్టిగా తుడిచింది. తర్వాత ఆ కొంగు నడుముకు దోపుకుని, తన జాకెట్టు కుడిచెయ్యి పైకి మడిచి, నా ముందు కుర్చీలో కూర్చుంది.

"నాకూ చూడు" అంది. "చూసి, రేపు నెల్లూరు బస్సు ఎన్నింటికో చెప్పు."